ఉద్యోగం డిగ్రీ పాసైందా?

మనిషి డిగ్రీ పాసైతే సరిపోదు, చేయబోయే ఉద్యోగం కూడా పాసై ఉండాలని బ్రిటన్ ప్రభుత్వం తేల్చేసింది. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉద్యోగం స్థాయిని ఆర్‌క్యూఎఫ్ అనే అక్కడి చదువుల మెట్ల లెక్కలో 3 నుంచి 6కి పెంచారు, మన లెక్కలో ఇంటర్ నుంచి ఒక్క గెంతులో డిగ్రీకి. ఇందులో అసలు అందం ఏంటంటే, వీసా నిబంధన మీ పట్టా అడగదు, ఉద్యోగం స్థాయి అడుగుతుంది. అందుకని ఎంటెక్ చదివినవాడు లండన్ వెళ్లి గోంగూర మటన్ వండుతానంటే కుదరదు, అక్కడ ప్రతి రకం ఉద్యోగానికీ ఓ నాలుగంకెల కోడ్ ఉంటుంది, చెఫ్ కోడ్ 5434కి కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. అదే డిగ్రీ తప్పినవాడికి ఏ కంపెనీ అయినా పెద్ద స్థాయి పనిచ్చి, తగ్గ జీతమిచ్చి, వాడు ఇంగ్లిష్ పరీక్ష కూడా గట్టెక్కితే నిక్షేపంగా వెళ్లొచ్చు. ఇచ్చేదెవరంటారా, అది నన్నడక్కండి.

గుంటూరు వాళ్లకి ఈ లెక్క మింగుడు పడదు. ఇక్కడ ఉద్యోగం ఏదైనా అప్లికేషన్ పెట్టేవాడు బీటెక్. కానిస్టేబుల్ పరీక్షకి బీటెక్, బ్రాడీపేటలో జిరాక్సు మెషీన్ దగ్గర బీటెక్, అరండల్‌పేటలో డెలివరీ బ్యాగు తగిలించుకుని లిఫ్టు లేని అపార్టుమెంటు ఎక్కేవాడూ బీటెక్. జనాన్ని చూసి కొలిస్తే మా ఊళ్లో డిగ్రీ స్థాయి కాని ఉద్యోగమే లేదు. పాపం ఆ దేశంవాళ్లకి ఇంత అభివృద్ధి తెలీదు.

పైగా మిర్చి యార్డు ఉంది. అక్కడో గుమస్తా కాయ విరిచి, వాసన చూసి, అరచేతిలో నలిపి ఇది తేజా, ఇది 334, ఇందులో తేమ ఉంది, కోల్డ్ స్టోరేజీలో పెడితే రంగు పోతుంది అని తేల్చేస్తాడు. వాడి మాట మీద లక్షల బేరం నడుస్తుంది. అదే సరుకు మీద ఏసీ గదిలో కూర్చుని ముప్పై స్లైడ్‌ల పీపీటీ చేసి 'ధరలు పెరగొచ్చు, తగ్గొచ్చు' అని చెప్పేవాణ్ణి అనలిస్టు అంటాం. డిగ్రీ స్థాయి ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. కాయ ముట్టుకున్నవాడిది మాత్రం కాదు.

మరి ఉద్యోగానికి డిగ్రీ ఎలా తెప్పించాలి? దీనికి జాబ్ డిస్క్రిప్షన్ అనే కళ ఉంది. బిల్లులు ఎక్కించడం 'ఆర్థిక సమాచార విశ్లేషణ', ఓనరుగారి ఫోను ఎత్తడం 'భాగస్వాముల సమన్వయం', స్టాకు లెక్కపెట్టడం 'సరఫరా వ్యూహం'. రాసేవాడికి చెయ్యి తిరిగితే టీ కాచేవాడు కూడా రీసెర్చిలో తేలతాడు. అయితే అక్కడి అధికారులు మరీ అమాయకులేం కాదు, అసలు పని ఒకటి, యజమాని ఎంచిన కోడ్ ఇంకోటి అని అనుమానం వస్తే తిప్పికొడతారు, బయటి దేశంవాళ్లని పనికి పిలిపించుకోవడానికి కంపెనీకి ఉండే స్పాన్సర్ లైసెన్సుకే ఎసరు రావచ్చు. జీతం కూడా మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, లేదా ఆ కోడ్‌కి రాసిపెట్టిన రేటు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. వ్యూహం పేరుతో డబ్బాలు లెక్కపెట్టించుకోవడానికి అంత ఇచ్చే ఓనరు దొరికితే నాక్కూడా చెప్పండి.

నన్నడిగితే ఈ పని మా పెళ్లిళ్ల పేరయ్యలకి అప్పగించాలి. ఉద్యోగానికి ఎంత విలువుందో ఏ కోడ్ పుస్తకమూ తెరవకుండా ఒక్క ఫోనులో తేల్చేస్తారు: పర్మనెంటా, కాంట్రాక్టా, చేతికెంతొస్తుంది, కంపెనీ సొంత మనిషా లేక కన్సల్టెన్సీ ద్వారా దూరాడా. యూకే సంబంధమైతే ఇకమీదట నాలుగంకెల కోడ్ కూడా అడుగుతారు, 5434 అని చెబితే జాతకాలు కలవలేదని మర్యాదగా కబురు పంపిస్తారు.