జోసెలిన్ గారికి సంస్థ పరువంటే లెక్కే లేదు

సంస్థ చరిత్ర ఎలా రాయాలో మన దగ్గర చిన్నపిల్లాడికి కూడా తెలుసు, మొదటి పేజీలో చైర్మన్ గారి ఫొటో, రెండో పేజీలో ఆయన సందేశం, మిగతాదంతా ఆయన రిబ్బన్ కట్ చేస్తున్న ఫొటోలు. ఇంగ్లండ్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠంలో ఉన్న జోసెలిన్ అనే బెనెడిక్టిన్ శాఖ క్రైస్తవ సన్యాసికి ఆ పాటి ఇంగితం కూడా లేకపోయింది. 1173లో మఠంలో చేరి 1202 దాకా జరిగిందంతా లాటిన్‌లో రాసిపారేశాడు, అదీ మఠాధిపతి శాంసన్ గారి దగ్గర ఆరేళ్లు రాత్రింబవళ్లు చాప్లిన్‌గా, అంటే ఆయన సొంత పూజారిగా, ఉండి మరీ. పక్కనున్నోడే ఇలా చేస్తే ఇంకెవర్ని నమ్మాలండీ?

ముందు అప్పుల సంగతే చూడండి. పాత మఠాధిపతి హ్యూ హయాంలో ఓ గది పాడైతే రిపేర్‌కని గుట్టుగా 40 మార్కులు వడ్డీకి తెచ్చారు, అంటే 27 పౌండ్లు కూడా కాదు. అది కాస్తా 100 పౌండ్లయింది, ఇంకో వంద తీసుకుని నాలుగేళ్లలో 400 కడతామని నోటు రాశారు, కట్టలేక 880కి తిరగరాశారు. ఇలాంటివి ఆడిటర్‌కే చెప్పం, ఈయన చరిత్రకి చెప్పేశాడు.

1187లో జెరూసలేం క్రైస్తవుల చేజారిందని శాంసన్ గారు మాంసం మానేశారు. అక్కడ ఆపొచ్చుగా? లేదు, మానేసినా తన ముందు మాత్రం వడ్డించమనేవారట, మిగిలింది పేదలకి వెళ్తుందని. అదీ రాయాలా!

గాలిమర గొడవైతే మరీ ఘోరం. హెర్బర్ట్ అనే ముసలి డీన్, అంటే చర్చి అధికారి, సొంతంగా గాలిమర కట్టుకున్నాడు. ఊళ్లోవాళ్లంతా అక్కడ పిండి ఆడించుకుంటే మఠం పిండిమరల గతేంటి? శాంసన్ గారు దేవుడి ముఖం మీద ఒట్టేసి, అది పడగొట్టేదాకా రొట్టె ముట్టనన్నారు. ముసలాయన పరిగెత్తుకొచ్చి, గాలి అందరిదీ కదా, నా గింజలే ఆడించుకుంటానన్నాడు. నా రెండు కాళ్లూ నరికితే ఎంత థాంక్స్ చెప్తానో నీకూ అంతే చెప్తున్నా అన్నారు మఠాధిపతి. డీన్ గారు భయపడి కొడుకు సలహా మీద తనే పీకించేశాడు, పడగొట్టడానికి మఠం మనుషులు వచ్చేసరికి అక్కడ ఏమీ మిగల్లేదు.