మ్యాన్లీ బీచ్ ఎరుపు–పసుపు జెండాలకు బహిరంగ లేఖ

సిడ్నీ నగరం, మ్యాన్లీ తీరాన ఇసుకలో పాతుకుని నిలబడ్డ జెండాల జంటకు,

విశాఖపట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాడు రాయునది. ఉభయకుశలోపరి.

మిమ్మల్ని చూడగానే నాకు ముందు సముద్రం గుర్తురాలేదు, ఎన్నికలు గుర్తొచ్చాయి. పైన ఎరుపు, కింద పసుపు, ఒకే గుడ్డ. 2009లో మా దగ్గర ఈ రెండు రంగులూ గులాబీని కూడా కలుపుకుని మహాకూటమి కట్టాయి, ఓడిపోయాయి. ఆ తర్వాత ఎవరి దారి వారిది. మీ పొత్తు మాత్రం ఏళ్ల తరబడి నిలిచింది. పైగా నియోజకవర్గం కూడా సముద్రంలో కోసి పెట్టుకున్నారు: ఈ జెండా నుంచి ఆ జెండా దాకా, కాపలావాళ్ల కన్నుండే ఈతచోటు అదే. కిలోమీటరున్నర పొడవున తీరం పరుచుకుని ఉంటే, జనమంతా మీ ఇద్దరి మధ్య చిన్న చీలికలో, పుష్కరఘాట్‌లో నిలబడ్డట్టు నిలబడి మునుగుతున్నారు. అటూ ఇటూ నీళ్లు ఖాళీ.

నన్ను తీసుకొచ్చినవాడి సంగతి చెప్పాలి. మా ఇంజినీరింగ్ బ్యాచ్‌వాడే, ఇప్పుడు వెస్ట్‌మీడ్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఒకప్పుడు తెన్నేటి పార్కు కింద బండల మీంచి నీళ్లలోకి దూకి, పైకొచ్చి "ఏం కాదు రా, దూకండి" అని మమ్మల్ని రెచ్చగొట్టినవాడు. అలాంటివాడు సర్క్యులర్ కీ దగ్గర ఫెర్రీ ఎక్కిన దగ్గర్నుంచి మీ గురించే పారాయణం. పక్కనే ఆపెరా హౌస్ కదిలిపోతోంది, ఫెర్రీలో ఉన్న ప్రతి టూరిస్టూ ఒకే రెయిలింగ్ మీద పడి ఫొటోలు తీస్తున్నాడు, వీడు మాత్రం నా మొహానికి సన్‌స్క్రీన్ పూస్తూ "ఫ్లాగ్స్ దాటావంటే ఊరుకోను మామా" అంటాడు. నలభై దాటిన మగవాడి మొహానికి ఇంకో మగవాడు అరచేత్తో తెల్లగా పూయడం మా ఆర్కే బీచ్‌లో జరిగితే జనం మూగేవారు. ఇక్కడ ఒక్కరూ తిరిగి చూడలేదు. 1981 నుంచి 'స్లిప్, స్లాప్, స్ల్యాప్' అని, అంటే చొక్కా వేసుకో, క్రీము పూసుకో, టోపీ పెట్టుకో అని, ఈ దేశానికి చిన్నప్పటి నుంచే నూరిపోస్తున్నారట. "నా రంగుకి ఇవన్నీ ఎందుకు రా" అన్నాను. రెండో పొర పూశాడు.

మీ ఊరి చరిత్ర కాస్త తిరగేశాను, ఏమనుకోకండి. ఇదే మ్యాన్లీలో ఒకప్పుడు పగటిపూట అందరి కళ్ల ముందు సముద్రస్నానం చేయడం నేరం. 1902లో విలియం గోచర్ అనే స్థానిక పత్రికా సంపాదకుడు తన పత్రికలో ముందే ప్రకటించి మరీ పట్టపగలు నీళ్లలో దిగాడు. మరుసటి ఏడాది కౌన్సిల్ నిషేధం ఎత్తేసింది, మెడ నుంచి మోకాలి దాకా బట్ట ఉండాలనే షరతుతో. ఆ షరతు మీవాళ్లు ఎప్పుడో గాలికొదిలేశారు. దాన్ని నూటికి నూరుపాళ్లు పాటిస్తున్నది మా బ్యాచ్ ఒక్కటే: పైన టీషర్టు, కింద జీన్స్ మోకాలి దాకా మడత, జేబులో ఫోన్, చేతిలో చెప్పులు. అప్పటి మ్యాన్లీ కౌన్సిల్ ఉండుంటే మమ్మల్ని చూసి గర్వపడేది.

ఇక మీ మీద నా అసలు ఫిర్యాదు. మీకు ఎడమవైపు కొంచెం దూరంలో నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో, అల లేకుండా ఉన్నాయి. మీ మధ్యలో చూస్తే నురగ, తోపులాట, ఉప్పునీళ్లు ముక్కులోకి. బుద్ధున్నవాడు ఎటు వెళ్తాడు? నేనూ అటే రెండడుగులు వేశాను. వెంటనే ఈల. నాతోపాటు ఒడ్డునున్న ఓ కుక్క కూడా ఆగిపోయింది. ఎరుపు–పసుపు టోపీ పెట్టుకున్న ఓ కుర్రాడు, మా ఇంటర్ పిల్లల వయసువాడు, పరుగున వచ్చి అది రిప్ అన్నాడు. అల ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదేనట. అడుగున ఇసుక లోతుగా కోసుకుపోయి ఉంటుంది కాబట్టి అల అక్కడ విరగదు. అందుకే నిమ్మళంగా కనిపిస్తుంది. అంటే ఈ సముద్రం కొత్తవాడికి ఎక్కడ బాగుందనిపిస్తే సరిగ్గా అక్కడే లాక్కుపోతుందన్నమాట. అతను జీతగాడు కూడా కాదు, వారాంతాల్లో వచ్చే వలంటీరు. జీతం లేకుండా అంత గట్టిగా ఈల ఊదేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

2024 జనవరిలో విక్టోరియాలోని ఫిలిప్ ఐలండ్ దగ్గర, మీరు లేని తీరంలో, భారతీయ మూలాలవాళ్లు నలుగురు మునిగిపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచే ఈయనకి జెండాల పిచ్చి పట్టిందని వదిన నాతో విడిగా చెప్పింది. ఆ తర్వాత నేను వాణ్ణి ఆటపట్టించలేదు.

మధ్యాహ్నం ఒక వింత చూశాను. ఆ టోపీ కుర్రాడే వచ్చి మిమ్మల్ని పీకి, భుజాన వేసుకుని, ముప్పై అడుగులు కుడికి నడిచి మళ్లీ పాతాడు. పోటు మారిందట, ఇసుక మేట మారిందట, రిప్ జరిగిందట. మైకు లేదు, బతిమాలడం లేదు. నీళ్లలో ఉన్న వందలమందీ మాటల్లోనే ఉండి మీ వెనకే జరిగారు. అంతవరకు అక్కడ ఉన్న సర్ఫ్ బోర్డులవాళ్లు అటు తప్పుకున్నారు. మీ మధ్యలో గట్టి బోర్డులు కూడదు కదా. నేనూ జీన్స్ పట్టుకుని జరిగాను. అప్పుడు అర్థమైంది, ఈ నగరంలో నీటిని బట్టి జరిగే రూలు మీరొక్కరే.

మిగతావి జరగవు, ఎవరో ఒకరు పీకి పారేసేదాకా ఉన్నచోటే ఉంటాయి. రాత్రి నగరంలోకి వెళ్లాక మీ బంధువర్గాన్ని కలిశాను. ఈ రాష్ట్రంలో 1916 నుంచి 1955 దాకా బార్లు సాయంత్రం ఆరింటికే మూసేవారు. ఫలితం, ఆఫీసు వదిలినవాడు ఉన్న కాసేపట్లోనే రాత్రికి సరిపడా తాగేసేవాడు. తాగుడు తగ్గించడానికి పెట్టిన గీత తాగే వేగం పెంచింది. ఆ గీత కదలడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. మళ్లీ 2014లో ఇంకో గీత: నగరం నడిబొడ్డునా, కింగ్స్ క్రాస్‌లోనూ రాత్రి ఒంటిగంటన్నర దాటితే కొత్తవాళ్లని లోపలికి రానివ్వకూడదు, మూడింటికి ఆఖరి గ్లాసు. కారణం చిన్నది కాదు, ఒక్క పిడిగుద్దుకి కుర్రాళ్ల ప్రాణాలు పోయాయి అక్కడ. కాదనను. 2020లో నడిబొడ్డున, 2021లో కింగ్స్ క్రాస్‌లో ఎత్తేసేసరికి ఆ వీధుల్లో చాలా తలుపులు శాశ్వతంగా మూతపడ్డాయి. కింగ్స్ క్రాస్ నెత్తి మీద కోకాకోలా బోర్డు మాత్రం ఎర్రగా వెలుగుతోంది. దాని కింద ఫొటో దిగాం. మాకు అందిన నైట్‌లైఫ్ అక్కడికదే.

ఎందుకంటే గీత ఎత్తేసినా గీత దగ్గర నిలబడే మనిషి ఉన్నాడు. ఓ క్లబ్బు ముందు, పేరెందుకు లెండి, నల్లకోటు బౌన్సరు నా పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూసి కొంచెం జాలిపడి, ఎంత తాగారని అడిగాడు. "మజ్జిగ" అనబోయాను, మావాడు కాలు తొక్కాడు. తర్వాత టార్చి కిందికి దించాడు. మ్యాన్లీ ఇసుకతో సహా నా హవాయి చెప్పులు. సారీ మేట్ అన్నాడు. పొద్దున సముద్రం దగ్గర చెప్పులు విప్పి రమ్మన్నారు, రాత్రి క్లబ్బు దగ్గర చెప్పులతో రావద్దన్నారు. ఒకే రోజు, ఒకే జత.

హారిస్ పార్క్ మీదుగా ఇల్లు చేరాం. లిటిల్ ఇండియా అని పిలుచుకునే పేట అది, ఆ పేరుతో ఇక్కడ ద్వారం కట్టడానికి 2023లో భారత, ఆస్ట్రేలియా ప్రధానులిద్దరూ కలిసి శిలాఫలకం ఆవిష్కరించారు. విగ్రామ్ స్ట్రీట్‌లో దోసె కోసం లైనుంది, బౌన్సరు లేడు. చెప్పుల వైపు ఎవరూ టార్చి వెయ్యలేదు. ఆ తర్వాత వెస్ట్‌మీడ్ పెరట్లో పేకాట, బిర్యానీ, స్పీకరులో పాటలు. పన్నెండు కొట్టేసరికి మావాడు లేచి స్పీకరు ఆపేశాడు. శనివారం అర్ధరాత్రి దాటాక పక్కింటివాళ్ల గదిలోకి మన పాట వినపడకూడదని ఇక్కడ నిబంధన. "షో ఉంది, కొట్టొద్దు" అని గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం కూడా నేర్చుకున్నాడు, పాపం.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. డిసెంబరులో మా బ్యాచ్‌లో ఇంకొకడు దిగుతున్నాడు. భీమిలిలో పుట్టాడు కాబట్టి సముద్రం తన పేరున రిజిస్టరై ఉందనుకుంటాడు. రుషికొండకి 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఇచ్చినప్పుడు, జెండా ఈదుతుందా నేను ఈదుతానా అని అడిగిన రకం. మీకు ఎడమవైపు నున్నటి నీళ్లు చూడగానే అటే నడుస్తాడు. ఈల వేస్తే వినపడనట్టు నటిస్తాడు, ఇంగ్లిష్‌లో చెప్తే రానట్టు నటిస్తాడు. ఆ టోపీ కుర్రాడికి "రేయ్, వెనక్కి రా" అన్న మూడు ముక్కలు నేర్పించి వచ్చాను. ఉచ్చారణ కొంచెం తేడాగా ఉంది, సరిచూసుకోమని చెప్పండి.

ఇట్లు,
జీన్స్ ఇంకా ఆరని
ఒక విశాఖవాసి