పుచ్చు వంకాయకు మందు కొట్టలేదని ఎవరన్నారు?

"వంకాయలో పుచ్చుందా? సంతోషించండి, మందు కొట్టలేదన్నమాట. కన్నం లేకుంటే పురుగుండదు. ఇంట్లో పెంచితే వేపనూనె చాలు." ఈ ఫార్వర్డ్ మా గ్రూపులో ఈ నెలలోనే మూడుసార్లు వచ్చింది. తిరుపతిలో మిద్దె మీద నాలుగేళ్లుగా వంగ పెంచుతున్నా. మూడు మాటలూ తేడాగానే ఉన్నాయి.

మొదట మందు సంగతి. పుచ్చు చేసేది కొమ్మ, కాయ తొలిచే పురుగు. తెల్ల రెక్కల మీద గోధుమ మచ్చలున్న చిన్న పురుగు ఎక్కువగా ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే పిల్ల పురుగు లేత కొమ్మలోకో కాయలోకో దూరి, దూరిన దారిని రెట్టతో మూసేస్తుంది. ఇక పైన ఎంత కొట్టినా దానికి తగిలేది తక్కువే. అందుకే రైతు మళ్లీ మళ్లీ కొడతాడు, అయినా పుచ్చులు వస్తూనే ఉంటాయి. చంద్రగిరి వైపు నుంచి కూరగాయలు తెచ్చే ఆయనకు ఈ ఫార్వర్డ్ చదివి వినిపించా. "వచ్చే దుడ్లు మందులకే పోతాండాయి సామీ" అని నవ్వాడు. ఈ పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చి బీటీ వంకాయ తయారు చేశారు, 2010లో కేంద్రం ఆపేసింది. ఆ గొడవ వేరే.

కన్నం మాట ఇంకా తమాషా. మనకు కనబడే గుండ్రటి కన్నం చాలావరకు పురుగు బయటికెళ్లిన దారి. లోపలికి పోయింది సూదిమొనంతే, అదీ ఒక్కోసారి ముచ్చిక కింద దాక్కుంటుంది. మా అమ్మ గుత్తొంకాయకు గాటు పెట్టి, వెలుతురుకు పట్టి చూసేది ఊరికే కాదు.

వేపనూనె చెడ్డదేం కాదు. గుడ్లు పెట్టకుండా కొంత అడ్డుకుంటుంది, లోపలున్న పురుగును మాత్రం ఏమీ చేయలేదు. మిద్దె తోటలో అసలు ఆయుధం కత్తెర. ఎండకు మొక్కంతా వాలి సాయంత్రానికి తేరుకుంటే అది నీళ్ల సమస్య. కుండీలో తడి ఉన్నా ఒక్క కొస మాత్రం వేలాడుతుంటే, దాన్ని కోసి నిలువునా చీల్చండి. గులాబీ ఛాయలో పురుగు మెలికలు తిరుగుతూ కనబడుతుంది. ఆ కొసల్ని, పుచ్చిన కాయల్ని కంపోస్టులో వేయకుండా సబ్బు నీళ్లలో ముంచేయండి. లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనుండే ఎరతో మగ పురుగుల్ని రప్పించి పట్టేది) పెట్టాలనుకుంటే వంగ పురుగు ఎరే అడగండి. టమాటా పురుగు ఎరకు ఇది రాదు.

నిన్న మూడు కొసలు కోశా. రెండింట్లో పురుగుంది. మూడోది ఉడత విరిచినట్టుంది.