పాత గ్రంథాల బీరువా తాళం గారికి

మహారాజశ్రీ తాళం గారికి, విజయనగరం నుంచి ఒక పాఠకుడు నమస్కరించి రాయునది.

మీరు క్షేమమని తెలుస్తూనే ఉంది. ఎవరూ ముట్టుకోరు కాబట్టి అరుగుదల లేదు. మీరు కొలువున్న యూనివర్సిటీ పేరు రాయనులెండి, పరువు ముఖ్యం.

మీ వెనక ఏముందని ఎవరినడిగినా "చాలా విలువైనవి ఉన్నాయండి" అంటారు. చూడొచ్చా అంటే, తాళంచెవి ఇన్‌చార్జి గారి దగ్గరుంటుంది. ఆయన సెలవు. సెలవయ్యాక పరీక్షల డ్యూటీ. యూనివర్సిటీలకి గ్రేడ్లు వేసే నాక్ బృందం వచ్చిన రోజు మాత్రం ఎంత మర్యాదగా తెరుచుకున్నారండీ! ఫొటో తీయడం, మీరు మూసుకోవడం ఒక్కసారే జరిగాయి.

పాఠకుల నుంచి మీ కాపలాకి వంక పెట్టలేం. పురుగులకే పాస్ అక్కర్లేదు, అడుగున తుప్పు కన్నం ఉంది. ఎప్పుడో వేసిన కలరా ఉండలు గాల్లో కలిసిపోయి, వాటి గుడ్డ సంచి మిగిలింది.

లోపలి సంగతి నాకు చెప్పింది అటెండరు గారు, అద్దం బయట నిలబడి, వేలితో చూపిస్తూ. "పై అరలో ఎర్రగుడ్డ కట్టినవి వైద్యం, తెల్లగుడ్డవి జ్యోతిషం. కింద పత్రికలు బాబూ, వాటిని తీస్తే విరిగిపోతాయి." నిజమే. పసుపు, నూనె రాసి దాచిన తాటాకు వందల ఏళ్లు నిలుస్తుంది. కర్రగుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, దాన్ని అదే తినేసుకుని అప్పడంలా తయారవుతుంది. ఇంత తెలిసిన మనిషి అటెండరు. రిజిస్టర్లో మాత్రం ఉన్నది ఒక్క ముక్క: "పాత గ్రంథములు, మూటలు".

మా వైపు పెద్దలకి మీ తెలివి లేదండీ. విజయనగరం మహారాజు ఆనందగజపతి, జర్మన్ పండితుడు మాక్స్‌ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేదం రెండో ముద్రణకి డబ్బిచ్చి 1890-92లో అచ్చు వేయించారు. బీరువా కొనుక్కుంటే పోయేది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలనే గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, మాటలు పోగేసి, 1938లో నిఘంటువు అచ్చుకెక్కించారు. శ్రీకాకుళంలో కథకులు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారైతే మరీ అమాయకులు. రిటైరైన బడిపంతులు, పురస్కారాల సొమ్ము సొంతానికి వాడుకోక, 1997 ఫిబ్రవరి 22న కథానిలయం అనే కథల గ్రంథాలయం తెరిచారు. వాళ్లనీ వీళ్లనీ అడిగి పాత పత్రికలు, కథలు తెప్పించి పెట్టారు, అదీ నలుగురూ వచ్చి చదవడానికట! మీరేమో అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్న సామెతకి కొలువుదీరిన రూపం.

అసలు విషయానికొస్తాను. అటెండరు గారు వచ్చే నెల రిటైరవుతున్నారు. శాలువా కప్పుతారు, స్వీటు పంచుతారు. ఏ మూటలో ఏముందో ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఈలోగా మీరు రెండు రోజులు దయ తలిస్తే, ఆయన విప్పి చెప్తారు, నేను పక్కన కూచుని రాసుకుంటాను. కాగితాలు, పెన్నూ నావే. చేతులు కడుక్కునే వస్తాను.

దీనికి అర్జీ పెట్టుకోవాలన్నారు, పెట్టాను. భద్రంగా ఉందట, వేరే బీరువాలో. ఆ తాళం గారు మీకేమైనా చుట్టమా?

ఇట్లు,
మీ గుమ్మం ముందు నిలబడ్డ పాఠకుడు