గట్టిగా జవాబిస్తేనే గౌరవమా?

మనల్ని ఎవరైనా ఒక మాట అంటే తిరిగి రెండు మాటలు అనకపోతే క్రైస్తవ విశ్వాసులు చులకనైపోతారని మీరు రాశారు, నేను ఒప్పుకోనన్నా. ఉగాది రోజు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు టెంకాయ పట్టుకుని వచ్చే ఊరు మాది, ఇక్కడ బయటివాళ్లతో మనకు గొడవ తక్కువ, మనలో మనం పడేదే ఎక్కువ. మా చర్చి సంఘంలో కమిటీ ఎన్నికల తర్వాత రెండు వర్గాలై, ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు వందనాలు కూడా మానేశారు. ఒక ఆదివారం ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం కలిసి తీసుకునే ఆరాధనకు ముందు ఒక పెద్దావిడ లేచి, మోకాళ్ల నొప్పితో బెంచీలు పట్టుకుంటూ అవతలి వరుసకు పోయి, తనను అందరి ముందు తిట్టిన ఆమె చేయి పట్టుకుని "వందనాలమ్మా, రా, కలిసి పోదాం" అనింది. అది చులకన ఎట్లవుతుంది? అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు పోయి సహోదరునితో సమాధానపడమని బైబిల్లో మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు ప్రభువే చెప్పాడు కదా. అన్యాయం జరిగితే నోరు మూసుకోమని కాదు, కేసు పెట్టాల్సి వస్తే పెట్టండి, పగ మాత్రం ఇంటికి తీసుకుపోవద్దు. 1947లో వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు ఒకటై దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయం వాళ్లు, చాలామంది కలవలేదు, ఏళ్ల తర్వాత కలిశారు. ఈసారి అట్లా విడిపోయినవాళ్లు మళ్లీ కలిసిన వాటి గురించి రాయండన్నా.