రూత్ బెయిటియా పేరు రాయాల్సింది

ముప్పై దాటిన హైజంపర్ల కెరీర్ ముగిసినట్టేనని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. స్పెయిన్ అమ్మాయి రూత్ బెయిటియా సంగతి తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా రాయలేరు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమె 2.00 మీటర్లు దూకి కూడా నాలుగో స్థానంలో ఆగిపోయింది. అప్పటికి 33 ఏళ్లు. ఇక చాలని రిటైర్మెంట్ కూడా ప్రకటించేసింది. కానీ ఉండలేక కొద్ది నెలల్లోనే మళ్లీ గ్రౌండ్‌కి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఉన్న కోచ్ రామోన్ తొర్రాల్బోనే అప్పుడూ పక్కన ఉన్నారు. 2012, 2014, 2016... వరుసగా మూడు యూరోపియన్ టైటిళ్లు. మధ్యలో స్పెయిన్‌లోని కాంటాబ్రియా ప్రాంతీయ చట్టసభలో సభ్యురాలిగానూ పనిచేసింది!

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ నేను ఇప్పటికీ మర్చిపోలేను. నలుగురు 1.97 దాటారు, 2.00 ఎవరూ దాటలేదు. ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన క్రొయేషియా క్రీడాకారిణి బ్లాంకా వ్లాసిచ్ లాంటి జంపర్ కూడా ఆ నలుగురిలో ఉంది. అలాంటప్పుడు ఎవరు తక్కువసార్లు బార్ పడేశారో చూస్తారు. బెయిటియా 1.97 వరకు ప్రతి ఎత్తూ మొదటి ప్రయత్నంలోనే దాటింది. చూస్తున్న మాకే అంత టెన్షన్, ఆమెకు ఎలా ఉండి ఉంటుందో! 37 ఏళ్ల వయసులో గోల్డ్. అథ్లెటిక్స్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి స్పెయిన్ మహిళ ఆమే.

లండన్‌లో మూడో స్థానంలో నిలిచిన రష్యా జంపర్ డోపింగ్ కేసులో అనర్హురాలవడంతో, ఆ కాంస్యం కూడా చివరికి బెయిటియాకే దక్కింది. అయితే అప్పటికి ఆమె ఆట మానేసి ఏళ్లయింది. పోడియం మీద నిలబడాల్సిన ఆ సాయంత్రాన్ని ఎవరు తిరిగివ్వగలరు?