శభాష్ చీటీలకు సంఘం నిధి

ఎస్‌ఎస్‌ఎల్‌సీ (కర్ణాటక పదో తరగతి) ఫలితాలు రాగానే బెంగళూరులోని మన తెలుగు సంఘాల్లో తొంభై శాతం దాటిన పిల్లల జాబితా మొదలవుతుంది. శాలువా, మెమెంటో, కవరు, గ్రూపు ఫొటో. చదివినవాళ్లను మెచ్చుకోవడం మానమని మేం అనడం లేదు. కానీ అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టడం పనికొచ్చి కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల షెడ్లలో ఉంటున్నవాళ్ల పిల్లాడు ఆగస్టులో ఎనిమిదో తరగతిలో చేరితే, వాడికి కన్నడ పాఠమే కొత్త. ఆ ఏడాది మార్కులతో మన వేదిక ఎక్కడం వాడివల్ల కాదు. వేళకు రావడం, భోజనాల వరుసలో తోసుకోకుండా నిలబడటం, పక్కవాడికి ల్యాబులో సాయం చేయడం మాత్రం మొదటి రోజునుంచే వాడి చేతిలో ఉన్నాయి. వాటిని బడి గమనించి, పేరుపెట్టి మెచ్చుకునే ఏర్పాటుకు సంఘం నిధిలో కొంత వెళ్లాలని మా అభిప్రాయం.

అమెరికా బడుల్లో దీన్ని పీబీఐఎస్ (పాజిటివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్స్ అండ్ సపోర్ట్స్) అంటారు, అంటే మంచి నడవడికను నేర్పి, గుర్తించి, ప్రోత్సహించే పద్ధతి. అక్కడి ప్రత్యేక విద్యా చట్టానికి 1997లో చేసిన సవరణల్లో దీనికి చోటు దక్కింది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పక్కన పెట్టమన్నారు సరే, దాని చోట ఏం చేయాలో చాలామంది టీచర్లకు ఎవరూ నేర్పలేదు.

ఎనిమిది నుంచి పది వరకు 300 మంది పిల్లలు, 18 మంది టీచర్లు ఉన్న హైస్కూలును తీసుకుందాం. ముందుగా మూడే మాటలు ఎంచుకోవాలి: గౌరవం, బాధ్యత, భద్రత. ఒక్కో మాటకు తరగతిలో, మెట్లమీద, భోజనాల దగ్గర, మరుగుదొడ్ల దగ్గర, గేటు బయట ఏం చేయాలో ఒక పట్టిక రాయాలి. ‘పరుగెత్తొద్దు’ అని రాస్తే సరిపోదు, ‘మెట్లమీద ఎడమపక్కన నడవాలి’ అని రాయాలి. చేయాల్సిన పని కంటికి కనబడాలి. బెంగళూరు బడిలో గౌరవం కింద తప్పక ఉండాల్సిన మాట ఒకటుంది: ఎవరు ఏ యాసలో మాట్లాడినా పూర్తిగా విన్నాకే బదులు చెప్పాలి. కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ ఒకే బెంచీమీద కూర్చునే ఊరిది. బడి తెరిచిన మొదటి వారంలో ఈ పట్టికను ఆయా చోట్లకే తీసుకెళ్లి, పావుగంట చొప్పున చేసి చూపించాలి. గోడమీద అంటించి వదిలేస్తే ఎవరూ చదవరు.

ఇక శభాష్ చీటీలు. పట్టికలో రాసిన పని చేస్తూ కనబడిన పిల్లవాడికి టీచరు ఇచ్చే చిన్న కాగితాలివి. టీచరుకు వారానికి పది, అంటే మొత్తం 180. ఏ4 కాగితంలో ఎనిమిది వస్తాయి కాబట్టి వారానికి 23 కాగితాలు. అవెన్యూ రోడ్డులో రంగు కాగితం రెండు రీములు కొంటే ఏడాది గడుస్తుంది. నెలకో రంగు మార్చాలి, ఇచ్చేటప్పుడే పిల్లవాడి పేరు, తేదీ, టీచరు సంతకం పడాలి. ఇవి లేకపోతే రెండో నెలకల్లా జిరాక్సు చీటీలు, చీటీల అమ్మకాలు మొదలవుతాయి.

ఇచ్చేటప్పుడు చెప్పే మాటే అసలైన బహుమతి. ‘గుడ్ బాయ్’ అంటే వాడికేం అర్థం కాదు. ‘గంట కొట్టిన వెంటనే పుస్తకం తీశావు, అందుకిది’ అనాలి, అదీ ఆ పని చూసిన నిమిషంలోనే. పెద్ద తరగతుల పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త: అందరి ముందూ పొగిడితే వాళ్లకు తలవంపు. తొమ్మిదో తరగతి కుర్రాణ్ని అసెంబ్లీలో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తే వారమంతా స్నేహితులు ఏడిపిస్తారు. బెంచీ పక్కగా నడుస్తూ, మెల్లగా చెప్పి, చీటీ పెట్టి వెళ్లిపోవడమే పద్ధతి.

ఆశపెట్టి పని చేయించుకోవడం వేరు, చేసిన పనిని గుర్తించడం వేరు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లలతో బొమ్మలు గీయించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలకు తర్వాత బొమ్మలమీద ఇష్టం తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు. అందుకే ‘ఇది చేస్తే చీటీ ఇస్తాను’ అని ఏ టీచరూ అనకూడదు. పిల్లలు ఇష్టంగా చేసేవాటికి, అంటే కథలు చదవడానికో, కబడ్డీకో చీటీలు అంటగట్టకూడదు.

పిల్లలు తమకొచ్చిన చీటీలను తరగతి డబ్బాలో వేస్తారు. శుక్రవారం చివరి పీరియడ్లో ఒక్కో తరగతి డబ్బాలోంచి ఐదు చొప్పున పదిహేను చీటీలు డ్రా తీస్తారు. ఒక్కోదానికి బహుమతి ఇరవై రూపాయలనుకుంటే వారానికి 300, 36 వారాలకు 10,800. కాగితం ఖర్చు కాక సంఘం పెట్టాల్సింది ఇంతే. గెలిచినవాళ్లు పెన్నో, జామెట్రీ బాక్సులోకి ఏదైనా పరికరమో తీసుకోవచ్చు. నిజానికి ఈ వయసువాళ్లు ఎక్కువగా కోరుకునేవి పైసా ఖర్చులేనివి: ఒకరోజు స్నేహితుడి పక్కన కూర్చోవడం, హోంవర్కుకు ఒకరోజు అదనపు గడువు, పీటీ పీరియడ్లో ఆట ఎంచుకోవడం. డ్రాలో వచ్చిన చీటీమీద సంతకం చేసిన టీచరుకూ ఏదో ఒకటి దక్కాలి. వారి ఒక పీరియడ్ హెచ్‌ఎం తీసుకుంటే చాలు.

ఈ పథకం దెబ్బతినేది ఎక్కువగా పెద్దల చేతుల్లోనే. నలుగురు టీచర్లు ధారాళంగా ఇస్తారు, మిగతావాళ్ల కట్టలు సొరుగులో ఉండిపోతాయి. అల్లరివాడు కాస్త మారితే చీటీల వాన కురుస్తుంది, రోజూ బుద్ధిగా ఉండే అమ్మాయి ఎవరికీ కనబడదు. నెలకోసారి ఒక్క చీటీ కూడా రాని పిల్లల పేర్లు తీసి, స్టాఫ్ రూములో పంచుకుని, వాళ్లను గమనించాలి. ఈ జాబితా గోడకెక్కకూడదు. ఎవరికెన్ని వచ్చాయో చార్టు వేలాడదీస్తే అట్టడుగున పేరున్న బిడ్డను రోజూ నలుగురిలో అవమానించినట్టే.

వీటన్నిటికంటే పెద్ద తప్పు, ఇచ్చిన చీటీని వెనక్కి లాక్కోవడం. ఉదయం సంపాదించింది మధ్యాహ్నం గొడవతో పోతుందని తెలిసిన కుర్రాడు మర్నాటినుంచి ప్రయత్నమే మానేస్తాడు. గొడవకు తగిన చర్య వేరుగా తీసుకోండి. ఉదయం చేసిన మంచి పని మాత్రం జరిగిపోయింది, దాన్ని చెరపడానికి ఎవరికీ హక్కు లేదు. ఈ ఒక్క విషయంలో మేం రాజీపడం.

చీటీలతో మారని పిల్లలు కొందరు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు రోజు కార్డు పెట్టాలి. పొద్దున రెండు నిమిషాలు ఒకే టీచరును కలిసి కార్డు తీసుకోవడం, పీరియడ్ పీరియడ్‌కూ మూడు మాటలకు సున్నా, ఒకటి, రెండు వేయించుకోవడం, సాయంత్రం మళ్లీ అదే టీచరుకు చూపించడం. ఏడు పీరియడ్లకు 42 పాయింట్లు. 34 దాటితే ఆ రోజు గట్టెక్కినట్టు. వలస వచ్చిన పిల్లాడికి పొద్దునే తన భాషలో పలకరించే టీచరు దొరికితే ఇంకా మంచిది.

దసరా సెలవుల తర్వాత మొదటి వారం పట్టికను మళ్లీ నేర్పించాలి. జనవరిలో పదో తరగతి రివిజన్ల ఒత్తిడితో చీటీలు ఆగిపోతుంటాయి, హెచ్‌ఎం కనిపెట్టి ఉండాలి.

ఏ బడికైనా చెక్కు ఇచ్చేముందు సంఘం కార్యవర్గం రెండు విషయాలు అడగాలి. ఒకటి, చీటీలు వెనక్కి తీసుకోబోమని, పేర్లు గోడకెక్కించబోమని హెచ్‌ఎం రాసివ్వడం. రెండు, పోయిన ఏడాది ఆలస్యంగా వచ్చినవాళ్ల రిజిస్టరు, హెచ్‌ఎం గదికి పంపిన పిల్లల లెక్క, నెలవారీగా. ఎన్ని చీటీలు పంచారన్నది ఫలితం కాదు. పండగలు, పరీక్షలు ప్రతి ఏడూ ఇంచుమించు అవే నెలల్లో వస్తాయి కాబట్టి ఈ జూలైని పోయిన జూలైతోనే పోల్చాలి. రెండో టర్ము డబ్బు ఆ లెక్క చూశాకే ఇవ్వాలి.